ఆర్నెల్ల రంగు

ఇళ్ళు కొనేవాళ్ళంత వెర్రిబాగులవాళ్ళు ఈ భూమ్మీద ఇంకెవరూ ఉండరని రంగుల మేస్త్రి నమ్మకం. ఎవరో చెబితే విని నమ్మింది కాదు, ముప్పై ఏళ్ళు నిచ్చెన మీద నిలబడి కిందికి చూసి చూసి కుదుర్చుకున్న నమ్మకం. కూరగాయల కొట్లో నాలుగు వంకాయల కోసం పది నిమిషాలు నిలబడి, ఒక్కొక్కదాన్నీ తిప్పి, పుచ్చు కన్నం ఉందేమోనని కళ్ళజోడు సవరించుకుని మరీ వెతికే మనిషి, ఇల్లు కొనే రోజున మాత్రం గుమ్మంలో నిలబడి "గాలీ వెలుతురూ బాగున్నాయండీ" అంటాడు. పక్కనున్న ఇల్లాలు "ఈ రంగు చూడండి, కంటికెంత చల్లగా ఉందో" అంటుంది. అంతే. ఇరవై ఏళ్ళ అప్పు కాగితాల మీద ఇద్దరూ పోటీలు పడి సంతకాలు పెట్టేస్తారు.

"రంగు బాగుందిట రంగు! బాగుండక చస్తుందా? నిన్న సాయంత్రమేగా వేసి చచ్చాను" అని మేస్త్రి బకెట్లు సర్దుకుంటూ గొణుక్కునేవాడు.

ఆయన చేతిలో ఒక ప్రత్యేకమైన పని ఉంది. దానికి ఆయనే పెట్టుకున్న పేరు ఆర్నెల్ల రంగు. గోడ అడుగున చెమ్మ ఎక్కి, ఉప్పు పూసి, పెచ్చులు ఊడుతున్న ఇల్లు అమ్మకానికి వస్తుంది. దాన్ని నిజంగా బాగుచెయ్యాలంటే మోకాలెత్తు దాకా గోడ చెక్కాలి, నీరు ఎక్కడినుంచి పాకుతోందో కనిపెట్టి ఆపాలి, ఆరబెట్టాలి, అప్పుడు మళ్ళీ సిమెంటు పూయాలి. నెల పని, బోలెడు ఖర్చు. అమ్ముకుని పోయేవాడికి ఆ తద్దినం దేనికి? మేస్త్రి వస్తాడు. పెచ్చులు గీకేస్తాడు, చెమ్మను అణిచే మందు ఒక పూత, దాని మీద దళసరిగా పుట్టీ, ఎమరీ కాగితంతో రుద్దుడు, పైన రెండుసార్లు లేత రంగు. మూడు రోజుల్లో గోడ కళకళలాడిపోతుంది. పైన పటారం, లోన లొటారం. ఆరు నెలలు ఆగుతుంది. ఏడో నెలలో కొన్నవాడి మంచం వెనక పెచ్చులు రాలడం మొదలవుతుంది. అప్పటికి అమ్మినవాడు ఎక్కడో, బ్రోకరు ఎక్కడో, మేస్త్రి ఇంకో ఇంట్లో ఇంకో గోడ దగ్గర.

తప్పు కాదూ అని ఎవరైనా అడిగితే జవాబు నాలిక చివరే ఉండేది. "నేను రంగులవాణ్ణి. వెయ్యమన్నచోట వేస్తాను. చూసుకుని కొనుక్కోడానికి వాడికి కళ్ళు లేవా? గొర్రె కసాయివాణ్ణే నమ్ముతానంటే మధ్యలో నేనేం చెయ్యను?"

గురువు దగ్గర నేర్చుకున్న ఒక మంచి అలవాటును మాత్రం ఆయన ఏనాడూ వదల్లేదు. రంగు వేసేముందు స్విచ్‌బోర్డుల మూతలు విప్పుతారు కదా. ఆ మూత కింద దాగిపోయే రెండు వేళ్ళ వెడల్పు గోడ మీద, వడ్రంగి పెన్సిలుతో రంగు నంబరు, తేదీ, తన పొడి సంతకం రాస్తాడు. ఎప్పుడైనా కాస్త రంగు అతకాల్సి వస్తే నంబరు కోసం వెతుక్కోనక్కర్లేదు. మిగతా రంగులవాళ్ళు అదంతా ఎవడు రాస్తాడని ఎప్పుడో మానేశారు. మేస్త్రి మాత్రం, పనివాడన్నాక పనికి ఒక గుర్తు ఉండాలని, ఆర్నెల్ల రంగుకు కూడా శ్రద్ధగా రాసేవాడు. తెలివితక్కువతనానికి కొమ్ములుంటాయా! ఊరంతా వెర్రివాళ్ళే అనుకునే మనిషి, తను చేసే మోసానికి తనే తేదీ వేసి సంతకం పెడుతున్నానని ఒక్కనాడూ అనుకోలేదు.

ఆయనకు ఒక్కతే చెల్లెలు. బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. మేడమెట్ల కింద, నిటారుగా నిలబడితే తలకు తగిలే అద్దె గదిలో మిషను వేసుకుని పదకొండేళ్ళుగా కుడుతోంది. వెలుతురు చాలక కళ్ళజోడు వచ్చింది. వంగి వంగి మెడ పట్టేసింది. రోడ్డు మీదికి తలుపున్న సొంత కొట్టుగది ఒకటి కొనుక్కోవాలని, నోరు కట్టుకుని పైసా పైసా కూడబెట్టింది. ఇంకొక్క ఏడాది ఓపిక పడితే చిన్న గదికి సరిపోతుంది.

ఆవిడ మొగుడు, అంటే మేస్త్రికి బావ, ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చూసి రాసుకునే ఉద్యోగి. మంచివాడే. అదే వచ్చిన చిక్కు, ఎవరేం చెప్పినా నమ్ముతాడు. ఒక ఆదివారం పెద్ద హోటల్లో డబ్బు పెంచుకోవడం ఎలా అని ఎవరో ఉపన్యాసం ఇస్తున్నారంటే, పైగా భోజనం ఉచితమంటే వెళ్ళాడు. వెళ్ళినవాడు ఒకడు, తిరిగొచ్చినవాడు ఇంకొకడు.

"గోడల చేత జీతం ఇప్పించుకోవాలి బావా!" అన్నాడు మేస్త్రిని చూడగానే. "ఎన్నాళ్ళని మనం కష్టపడతాం? గోడలు కష్టపడాలి. సార్ చెప్పారు."

ఆ సారుకు మేస్త్రి అప్పటికప్పుడే అద్దెల స్వామి అని పేరు పెట్టేశాడు. "ఏమన్నాడేం మీ అద్దెల స్వామి?"

"మొదటి ఇల్లు అప్పు మీద కొంటాం. చేతిలో ఉన్నది ముందు కడతాం, మిగతాది బ్యాంకు ఇస్తుంది. అద్దె వస్తుంది. అద్దెతో వాయిదా కట్టేస్తాం. ఆ ఇంటిని చూపించి రెండోది, రెండోదాన్ని చూపించి మూడోది. ఐదేళ్ళలో ఐదు ఇళ్ళు! అప్పుడు నేను వేరేవాళ్ళ మీటర్లు చూడ్డమేంటి, నా మీటర్లే ఇంకొకడు చూస్తాడు."

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! ఇల్లు ఖాళీగా ఉన్న నెలల్లో వాయిదా ఎవడు కడతాడు, మీ స్వామా?"

"ఖాళీగా ఎందుకుంటుంది?"

"ఎందుకుంటుందా! ఒకడు దిగిపోయాక ఇంకొకడు వచ్చేసరికి రెండు నెలలు. వచ్చేవాణ్ణి తెచ్చినందుకు బ్రోకరుకి ఒక నెల అద్దె. కుళాయిలకీ, మోటారుకీ, నా రంగులకీ ఇంకో నెల. పన్ను వేరే. ఏడాదికి పన్నెండు అద్దెలని వేళ్ళు మడుస్తున్నావు నువ్వు. ఎనిమిది చేతికొస్తే గొప్ప. ఆ ఎనిమిదితోనే ఏడాది వాయిదాలన్నీ వెళ్ళిపోతాయంటే కొను, నేనొద్దనను. వెళ్ళవంటే గోడ నీకు జీతం ఇవ్వదు బావా, గోడకి నువ్వే జీతం ఇస్తావు."

బావ జాలిగా నవ్వాడు. "ఇది కూడా సార్ ముందే చెప్పారు. దగ్గరివాళ్ళే మొదట వెనక్కి లాగుతారట. అదే మొదటి పరీక్షట."

మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. ఏం తెలివి, ఏం తెలివి! వద్దన్నవాడు ఎవడైనా సరే గిట్టనివాడే అని ముందే నూరిపోసి పంపిస్తే, ఇంక నిజం చెప్పేవాడు ఏ గోడకు చెప్పుకోవాలి?

"మీ స్వామి ఉండేది ఎవరింట్లోనో కనుక్కున్నావా? పోయినేడు ఆ ఇంటికి రంగు వేసింది నేనే. కూలి ఇచ్చింది ఇంటాయన. స్వామి అద్దెకుంటున్నాడు."

"అది ప్లాను బావా. నీకర్థం కాదు."

చెవిటివాడి ముందు శంఖం ఊదడమెందుకని మేస్త్రి చెల్లెలి వైపు తిరిగాడు. ఆవిడ ఒళ్ళో చొక్కా పెట్టుకుని గుండీలు కుడుతోంది.

"నాకూ కాస్త ఆశగానే ఉంది అన్నయ్యా" అంది తల ఎత్తకుండా. "నెలనెలా అద్దె మిగిలితే కొట్టు తర్వాతైనా కొనుక్కోవచ్చు అంటున్నారు. ఈ లెక్కలు నాకు తెలీవు. గోడలంటే నీకు తెలుసు. ఆదివారం ఇల్లు చూడ్డానికి వెళ్తున్నాం. నువ్వొచ్చి చూడు. బాగుందంటే అడ్వాన్సు ఇచ్చేస్తాను, లేదంటే లేదు. నీ మాటే."

మేస్త్రికి ఛాతీ ఉబ్బింది. ఇంట్లో ఒక్కరికైనా బుద్ధి ఉందనుకున్నాడు.

ఆదివారం పొద్దున్న ముగ్గురూ బయల్దేరారు. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో సార్ ఇచ్చిన ఫైలు పట్టుకుని ముందు నడుస్తున్నాడు. రెండో సందు తిరిగేసరికి మేస్త్రి నడక మందగించింది. మూడో సందు తిరిగేసరికి మిగతా ఇద్దరికీ నాలుగడుగులు వెనకబడ్డాడు. పల్లంలో కట్టిన మూడంతస్తుల భవనం, ఆకుపచ్చ గేటు, గేటు దగ్గర చెయ్యెత్తి పిలుస్తున్న బ్రోకరు. కింది అంతస్తులో మూడో వాటా. ఇరవై రోజుల క్రితం మేస్త్రి ఆ ఇంట్లోంచే బకెట్లు మోసుకుని బయటికొచ్చాడు.

మేస్త్రికి వచ్చే మూడు పనుల్లో రెండు ఆ బ్రోకరు ఇచ్చేవే. ఆయన మేస్త్రిని చూసి ఒక్క క్షణం బిత్తరపోయాడు. మరుక్షణం చెవుల దాకా నవ్వాడు.

"మేస్త్రిగారే వచ్చారే! ఈవిడ మీ చెల్లెలా? అయితే ఇంకేం కావాలమ్మా, ఊళ్ళో గోడల సంగతి ఈయన్ని మించి తెలిసినవాళ్ళు లేరు. రండి, రండి."

లోపల ఇల్లు అమ్మే ఆవిడ ఉంది. నర్సు. రాత్రి డ్యూటీ నుంచి తిన్నగా వచ్చినట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ప్లాస్టిక్ సంచిలో కాగితాలు పెట్టుకుని కిటికీ గట్టు మీద కూర్చుంది. తాళాలన్నీ బ్రోకరు దగ్గరే ఉంటాయి కాబట్టి ఆవిడ మేస్త్రినీ, మేస్త్రి ఆవిడనూ చూడటం అదే మొదలు.

బావ గుమ్మంలో నిలబడి, "గాలీ వెలుతురూ బాగున్నాయి" అన్నాడు. మేస్త్రి పళ్ళు కొరుక్కున్నాడు. బావ ఇంకా ఆగలేదు. కుళాయి తిప్పి చూశాడు, తలుపు మూసి తీశాడు, సార్ ఫైల్లో ఉన్న ప్రశ్నలు ఒక్కొక్కటే అడిగి, బ్రోకరు ఏం చెబితే అది రాసుకున్నాడు. ఊరందరి నీళ్ళూ లెక్క రాసే ఆ మహానుభావుడు చెమ్మ ఊరే గోడకు వీపు ఆనించి నిలబడి, "ఇది సార్ గారి స్పెషల్ లిస్టులో ఇల్లు బావా. సభ్యులకు మాత్రమే!" అన్నాడు.

స్పెషల్ లిస్టు! అప్పుడు వెలిగింది మేస్త్రికి. ఎవరూ కొనక బ్రోకరు నెత్తిన కూర్చున్న ఇళ్ళన్నీ కలిపి ఒక కాగితం మీద రాస్తే అదే స్వామివారి స్పెషల్ లిస్టు. ఉచిత భోజనం డబ్బులు ఎవరివో కూడా తెలిసింది.

"చెప్పండి మేస్త్రిగారూ" అన్నాడు బ్రోకరు, ఒక్కో మాటా ఒత్తి పలుకుతూ. "ఎలా ఉందీ గోడ?"

మేస్త్రి నీళ్ళు నమిలాడు. స్థలం కాస్త పల్లంగా ఉందన్నాడు. వానాకాలంలో ఒకసారి వచ్చి చూస్తే మంచిదన్నాడు. ఇదివరకు అద్దెకున్నవాళ్ళు ఎందుకు వెళ్ళిపోయారో పక్కవాటా వాళ్ళను అడగమన్నాడు. ఇంకో నాలుగిళ్ళు చూశాక చూద్దామన్నాడు. ప్రతిదానికీ బావ దగ్గర సార్ చెప్పిన సమాధానం ఉంది.

చెల్లెలు ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. "అవన్నీ కాదన్నయ్యా. గోడ బాగుందా, లేదా?"

మేస్త్రి బ్రోకరు మొహం చూశాడు. ప్రస్తుతం చేతిలో ఉన్న పనులన్నీ ఆయనవే. వచ్చే నెల మొదలయ్యే పెద్ద భవనం కూడా ఆయనదే. వెర్రివాళ్ళను చూసి ముప్పై ఏళ్ళు నవ్విన మనిషి నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో వచ్చింది.

"బాగానే కనిపిస్తోంది."

"అమ్మయ్య" అంది చెల్లెలు. వెంటనే చేతిసంచి తెరిచి ఒక మూట తీసింది. యూనిఫారాలు కత్తిరించగా మిగిలిన నీలం గుడ్డముక్కలతో కుట్టుకున్న మూట అది. ఒక్కో ముక్కా ఒక్కో రకం నీలం. పదకొండేళ్ళ గుడ్డముక్కలు. మూతికట్టు ముడి బిగుసుకుపోయి ఊడక, ఆవిడ తల వంచి పళ్ళతో లాగుతోంది. ఆ వంచిన మెడ మేస్త్రి కంటబడింది.

"ఆగవే!" అని అరిచాడు.

జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి స్విచ్‌బోర్డు దగ్గరకు వెళ్ళాడు.

"ఏం చేస్తున్నావయ్యా? కరెంటుంది దాన్లో!" అన్నాడు బ్రోకరు, గారూ మీరూ గాలికి వదిలేసి.

మేస్త్రి నాలుగు మరలూ విప్పి మూత పక్కకు లాగాడు. "ఇటు రా అమ్మడూ. ఇది చదువు."

పెన్సిలు రాత. ఒకదాని కింద ఒకటి నాలుగు వరసలు. నాలుగింటికీ ఒకే రంగు నంబరు, నాలుగు తేదీలు, నాలుగు పొడి సంతకాలు.

చెల్లెలు కళ్ళజోడు సవరించుకుంది. "ఇది నీ రాతలా ఉందే."

"నా రాతే. ఏడేళ్ళలో నాలుగుసార్లు ఈ ఒక్క గోడకే వేశాను. పునాదిలోంచి నీళ్ళు పీలుస్తోందిది. వేసినప్పుడల్లా ఆరు నెలలు ఆగుతుంది, ఆలోపల ఎవరికో అంటగడతారు. ఆఖరిసారి వేసి ఇరవై రోజులైంది."

వంగి, గోడ అడుగున స్క్రూడ్రైవరుతో గట్టిగా గీశాడు. లేత రంగు చీలి లోపలి పుట్టీ తడితడిగా ముద్దలా ఊడి నేల మీద పడింది.

నర్సు కిటికీ గట్టు దిగి వచ్చింది. స్విచ్‌బోర్డు దగ్గర నిలబడి తేదీలన్నీ చదివింది. మూడో వరస మీద వేలు పెట్టింది.

"ఇది నేను కొన్న నెల" అంది. "కొత్త రంగు, ఐదేళ్ళు చూసుకోనక్కర్లేదన్నారు. మూడు కుటుంబాలు అద్దెకు దిగాయి. పిల్లలకు దగ్గులొస్తున్నాయని మూడూ వెళ్ళిపోయాయి. వాయిదాల కోసం రెండేళ్ళ నుంచీ రాత్రి డ్యూటీలు చేస్తున్నాను."

గురివింద తన నలుపు ఎరగదంటారు. మేస్త్రి అప్పుడు కూడా ఊరుకోలేకపోయాడు. "మరి ఈ నాలుగోసారి వేయించింది మీరేగా అమ్మా."

"నేనే. అందరూ ఇలాగే అమ్ముతారని ఈయన చెప్పాడు" అంది నర్సు బ్రోకరు వైపు చూసి. తర్వాత చెల్లెలి వైపు చూడలేక కాగితాల సంచి తీసుకుని వెళ్ళిపోయింది.

బ్రోకరు తాళాల గుత్తి ఆడిస్తూ, "నీకు ఊళ్ళో బ్రష్షు ఎవడు పట్టనిస్తాడో చూస్తాను" అన్నాడు. అన్న మాట నిలబెట్టుకున్నాడు కూడా. ఆ తర్వాత మేస్త్రికి ఆయన దగ్గర్నుంచి ఒక్క పనీ రాలేదు.

చెల్లెలు మూట మళ్ళీ సంచిలో పెట్టుకుంది. మొగుణ్ణి తిట్టలేదు, బ్రోకరును శపించలేదు. సందు చివర దాకా వచ్చాక ఆగింది.

"ఇందాక బాగానే ఉందన్నావు."

"నోరు జారిందే."

"జారలేదన్నయ్యా. నేను డబ్బు తియ్యకపోతే అలాగే ఊరుకునేవాడివి. ఇదివరకు కొన్న ముగ్గురికీ వెంట వచ్చే అన్నయ్య లేడు. అంతేగా?"

చూసుకుని కొనుక్కోడానికి వాళ్ళకు కళ్ళు లేవా అనే జవాబు మేస్త్రి నోటి దాకా వచ్చింది. ఎదురుగా ఉన్నవి కుట్టి కుట్టి మసకబారిన కళ్ళు. మింగేశాడు.

బావ సంగతి చెప్పనక్కర్లేదు. వారం రోజులు కుక్కిన పేనులా పడి ఉన్నాడు. ఎనిమిదో రోజున మీటర్లు చూడ్డానికి వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ, తను గుమ్మంలో అడుగుపెట్టగానే చెమ్మ వాసన పసిగట్టి ఇల్లు ఎలా వదిలేశాడో చెప్పడం మొదలెట్టాడు. ఇప్పుడు నలుగురూ ఆయన్నే సలహాలు అడుగుతున్నారు. ఆయనా చెబుతున్నాడు. కడుపుకు అన్నం తినేవాడెవడూ నవ్వకుండా ఉండలేడు, కానీ వినేవాళ్ళు తలలు ఊపుతున్నారు.

చెల్లెలు ఆ తర్వాత అన్నను వెంట రమ్మనలేదు. ఆ ఏడు వానాకాలమంతా గొడుగేసుకుని ఒక్కతే తిరిగింది. నడి వానలో వెళ్ళి గదులు చూసింది. బీరువాలు జరిపించి వెనక గోడలు తడిమింది. పక్క కొట్లవాళ్ళతో మాట కలిపింది. అప్పు జోలికి పోలేదు, చేతిలో ఉన్నదానికే బేరమాడింది. చివరికి రోడ్డు మీదికి తలుపున్న గది ఒకటి కొనుక్కుంది. ఇరుకుదే, కానీ నిటారుగా నిలబడొచ్చు.

తెలిసిన రోజే మేస్త్రి నిచ్చెన, బకెట్లు వేసుకుని దిగాడు. పని తగ్గి మనిషి కాస్త చిక్కాడు.

"కూలి మాటెత్తావంటే ఊరుకోను. పదేళ్ళు నిలిచే రంగు వేస్తాను చూడు" అన్నాడు.

"వెయ్యన్నయ్యా. నీ అంత బాగా ఎవరు వేస్తారు?" అంది చెల్లెలు, కొత్త వెలుతురులో మిషను దగ్గర కూర్చుని దారం ఎక్కిస్తూ.

ఆ మాటకు మేస్త్రి ప్రాణం లేచొచ్చింది. గోడలు తట్టి చూశాడు, ఎండుకట్టెలా ఉన్నాయి. మెచ్చుకోలుగా తలాడించి, "నిక్షేపంలాంటి గది. ఇది మంచిదని ఎలా కనిపెట్టావే?" అన్నాడు.

"ఎక్కడికెళ్ళినా ముందు స్విచ్‌బోర్డు మూత విప్పించేదాన్ని. మూడు గదుల్లో నీ రాత కనిపించింది. వెనక్కొచ్చేశాను. ఇక్కడ లేదు, కొన్నాను."

"నేను వేసినవన్నీ అలాంటివి కాదే తల్లీ!"

"కాకపోవచ్చు. ఏది అలాంటిదో, ఏది కాదో నాకెలా తెలుస్తుంది?"

ముందు బోర్డు పని చూద్దామని మేస్త్రి మూత విప్పాడు. అలవాటుగా చెవి మీది పెన్సిలు తీసి, వంగి, తేదీ వెయ్యబోయాడు.

"అన్నయ్యా, అక్కడేం రాయకు" అంది చెల్లెలు.

"నంబరు రాసి పెడితే రేపు కాస్త రంగు అతకాల్సి వచ్చినప్పుడు..."

"తెలుసు. కానీ మనిషన్నాక ఎప్పుడేం అవసరం వస్తుందో. రేపు నేనీ గది అమ్ముకోవాల్సి వస్తే, నీ రాత చూసి ఎవరూ కొనరు."

కోపంగా అనలేదు. గుడ్డ కొలత చెప్పినట్టు చెప్పి, మిషను తొక్కడం మొదలుపెట్టింది. మేస్త్రి పెన్సిలు జేబులో వేసుకుని, రంగు డబ్బా మూత తీశాడు.